గులాబీ, గునుగు, మనం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందు మాట్లాడిన పెద్దలు కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల తిరిగి చెల్లింపు గురించి చక్కగా వివరించారు. అవి కడుపుకు, ఒంటికి సంబంధించినవి. నాకు ఇచ్చిన అరగంటలో నేను పూల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. "సార్, పూలంటే తోట పనా, పూజ పనా?" అని అడిగారు. రెండూ కాదు, బొమ్మ పని అన్నాను. ముప్ఫై రెండేళ్ళు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసినవాణ్ణి. నాకు తెలిసిన విద్య అదొక్కటే. అందుకే పూలబొమ్మల గురించి, వాటిలో గులాబీకి లోకం చెప్పుకున్న అర్థాల గురించి నాలుగు మాటలు విన్నవిస్తాను. చివరలో ఒక విన్నపం కూడా ఉంది.

మా డ్రాయింగు తరగతిలో లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు పరీక్షలకు పిల్లలను తయారుచేసేటప్పుడు బల్లమీద ఒక చెంబు, ఒక నిమ్మకాయ, ఒక గుడ్డ పెట్టి గీయించేవాళ్ళం. దీనినే ఇంగ్లీషువారు స్టిల్ లైఫ్ అంటారు. మనవారు నిశ్చల చిత్రం అన్నారు. ఫ్రెంచివారు మాత్రం 'మృత ప్రకృతి' అనే అర్థం వచ్చే మాట వాడతారు. నాకు ఇంగ్లీషు మాటే ఇష్టం. ఎందుకంటే 'స్టిల్' అనే మాటకు కదలనిది అనీ, ఇంకా ఉన్నది అనీ రెండర్థాలు. ఆఫీసు కదలిక ఆగిపోయినా జీవితం ఇంకా ఉన్న మనలాంటివారికి ఇంతకంటె తగిన పేరు ఏముంటుంది?

పూలకుండీని మాత్రమే ప్రధానంగా చూపే బొమ్మలు ఐరోపాలో 1600 ప్రాంతంలో బాగా మొదలయ్యాయి. హాలెండులోనూ, దాని పక్క ఫ్లాండర్స్ దేశంలోనూ అంబ్రోసియస్ బోస్చార్ట్, యాన్ బ్రూగెల్ వంటి చిత్రకారులు వీటికి ప్రాణం పోశారు. ఆ బొమ్మల్లో ఒక తమాషా ఉంది. వసంతంలో పూసే తులిప్, వేసవిలో పూసే గులాబీ, ఇంకో నెలలో పూసే మరో పువ్వు అన్నీ ఒకే కుండీలో ఉంటాయి. నిజంగా అటువంటి కుండీ ఏ ఇంట్లోనూ ఉండదు. చిత్రకారుడు ఒక్కొక్క పువ్వునూ అది పూసినప్పుడు చూసి గీసుకుని, ఏడాది పొడవునా కూడబెట్టి, ఒక బొమ్మలో చేర్చాడన్నమాట. బ్రూగెల్ తన ఊళ్ళో దొరకని పూలు చూడటానికి ఆంట్వెర్ప్ నుంచి బ్రస్సెల్స్ దాకా వెళ్ళేవాడు. తరువాతి తరానికి చెందిన యాన్ వాన్ హైసమ్‌కు పసుపు గులాబీ దొరకక, అది మళ్ళీ పూసేదాకా బొమ్మ ఆపుకున్నాడు. ఆయన బొమ్మలు కొన్నిటి మీద రెండు సంవత్సరాల అంకెలు ఉంటాయి. ఒక పువ్వు కోసం ఏడాది ఆగిన మనిషి ఆయన. ఫైలు కదలడానికి ఏడాది ఆగిన అనుభవం మనకూ ఉంది గాని, దాని ఫలితం ఇంత అందంగా ఉండేది కాదు. (నవ్వులు)

ఆ దేశంలో పూలంటే అందంతో పాటు డబ్బు కూడా. తులిప్ దుంపల ధరలు విపరీతంగా పెరిగి 1637 ఫిబ్రవరిలో ఒక్కసారిగా కుప్పకూలాయి. కనుక పూలబొమ్మ చూసిన ప్రతివాడికీ రెండు సంగతులు తట్టేవి: ఇది ఎంత విలువైనదో, ఎంత తొందరగా పోయేదో. చిత్రకారులు ఆ రెండో సంగతిని గుర్తుచేసే గుర్తులు పెట్టేవారు. బల్లమీద రాలిన ఒక రేకు, ఆకును కొరికిన పురుగు, ఒక్కోసారి మనిషి పుర్రె. విల్లెమ్ వాన్ ఆల్స్ట్ అనే ఆయన 1663లో వేసిన పూలబొమ్మలో కుండీ పక్కనే ఒక జేబు గడియారం ఉంటుంది. మనకు పదవీ విరమణనాడు గోడ గడియారాలు బహుమతిగా ఇచ్చే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గాని, పూలదండ, గడియారం పక్కపక్కన పెట్టుకుని ఇంటికి వచ్చిన ప్రతి ఉద్యోగీ ఆ బొమ్మను మోసుకొచ్చినవాడే.

ఇది ఎక్కడో సముద్రాల అవతలి కథ అనుకోకండి. హాలెండు వర్తకులు 17వ శతాబ్దం మొదట్లోనే మన మచిలీపట్నంలో స్థావరం పెట్టారు. అప్పుడు అది గోలకొండ రాజ్యపు రేవు. అక్కడి కలంకారీ పనివారు గుడ్డమీద గీసిన పూలకొమ్మలు ఓడలెక్కి ఐరోపా ఇళ్ళలో తెరలుగా, దుప్పట్లుగా వేలాడాయి. వాటి గిరాకీకి అక్కడి నేతగాళ్ళు తట్టుకోలేక గోలపెడితే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లోను 1721లోను ఇటువంటి వస్త్రాలపై నిషేధాలు విధించాయి. అంటే తెలుగు చేతి పువ్వుకు భయపడి రెండు రాజ్యాలు చట్టాలు చేశాయన్నమాట.

ఇక గులాబీ. ఇన్ని అర్థాలు మోసిన పువ్వు మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. ప్రాచీన గ్రీకులకు అది ప్రేమదేవతకు చెందిన పువ్వు. క్రైస్తవులు మేరీమాతను ముల్లులేని గులాబీ అన్నారు. రోమనుల కథలో ప్రేమదేవుడు మౌనదేవుడికి గులాబీని లంచంగా ఇస్తాడు. అప్పటినుంచి ఐరోపాలో 'గులాబీ కింద' మాట్లాడుకున్న మాట అంటే బయటకు పొక్కకూడని మాట అని అర్థం. విందు గదుల కప్పులమీద గులాబీ చెక్కేది అందుకే. ఇంగ్లండులో తెల్ల గులాబీ గుర్తుగల యార్క్ వంశం, ఎర్ర గులాబీ గుర్తుతో చెప్పబడే లాంకాస్టర్ వంశం 1455 నుంచి ముప్ఫై ఏళ్ళు కొట్టుకున్నాయి. చివరకు 1486లో ఏడవ హెన్రీ యార్క్ వంశపు ఎలిజబెత్‌ను పెళ్ళాడి, ఎరుపులో తెలుపు కలిపిన గులాబీని రాజచిహ్నం చేశాడు. వియ్యంతో తీరిన తగాదా అది. పారశీకంలో గులాబీ ప్రియురాలు, బుల్‌బుల్ పిట్ట ప్రేమికుడు. సూఫీలు ఆ జంటలో దేవుణ్ణీ భక్తుణ్ణీ చూశారు. మన కాలానికి వస్తే నెహ్రూగారి కోటుమీది ఎర్ర గులాబీ మనందరికీ బాల్య స్మృతి. 2001 తరువాత ఈ ప్రాంతంలో గులాబీ రంగు అంటే ఒక జెండా రంగు కూడా అయింది. రాజకీయాలు మాట్లాడకూడదని మన సంఘం నియమావళిలో ఉంది కాబట్టి అక్కడితో ఆపుతాను.

మాట విషయంలో కూడా ఒక చిత్రం ఉంది. పారశీకంలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. గులాబ్ అంటే అసలు పూలనీరు, అంటే మన పన్నీరు. అక్కడ సీసాలోని నీటికి ఉన్న పేరు ఇక్కడికి వచ్చేసరికి చెట్టుమీది పువ్వుకు అంటుకుంది. పరిమళం ముందు వచ్చి, పువ్వు వెనక వచ్చిందన్నట్టు. మన పెళ్ళిళ్ళలో వెండి పన్నీరుబుడ్డితో చల్లినదీ అదే, దర్గాలో చాదరు మీద పరిచే రేకులదీ అదే వాసన.

ఇన్ని చెప్పిన తరువాత, మన ఊళ్ళో గులాబీకి ఉన్న అర్థం ఏమిటి అని ఆలోచించాను. మిత్రులారా, మన మెడలో పెద్ద గులాబీ దండ పడేది ఎన్నిసార్లు? పెళ్ళినాడు ఒకసారి. పదవీ విరమణనాడు ఒకసారి. మూడోసారి పడినప్పుడు మనం చూడం. మూడు దండలూ కట్టేది అదే అంగడిలో, అదే చేతులు, అదే దారం. పువ్వులో అర్థం ఉండదు, ఇచ్చే చేతిలోనూ ఇచ్చే వేళలోనూ ఉంటుంది. పదవీ విరమణనాటి దండకు మనలో చాలామంది మూడో దండ అర్థం ఇచ్చుకుంటున్నారు. నా బాధ అదే. ఈ విన్నపమంతా అందుకే.

ఇక్కడ ఒక తల్లి గురించి చెప్పాలి. పేరు రేచెల్ రైష్. 1664లో పుట్టింది. తండ్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరుమోసిన శరీరశాస్త్ర, వృక్షశాస్త్ర పండితుడు. పదిహేనో ఏట, ఇందాక చెప్పిన గడియారం బొమ్మ వేసిన వాన్ ఆల్స్ట్ దగ్గర శిష్యరికానికి చేరింది. పెళ్ళయింది, పదిమంది పిల్లలను కన్నది, అయినా కుంచె వదలలేదు. జర్మనీలోని ఒక ప్రభువుకు ఆస్థాన చిత్రకారిణి అయింది. ఆమె గులాబీ రేకు అంచు ఎక్కడ ముడుచుకుంటుందో, కాడ బరువుకు ఎలా వంగుతుందో చూస్తే ఇప్పుడే కోసి తెచ్చినట్టుంటుంది. 1750లో చనిపోయింది. ముసలితనంలో వేసిన బొమ్మల మీద సంతకం పక్కన తన వయస్సు కూడా రాసేది. 1747లో వేసిన బొమ్మ మీద వయస్సు 83 అని ఉంది. మనం ఏటేటా ట్రెజరీకి జీవన ప్రమాణ పత్రం ఇస్తాం కదా, బతికే ఉన్నామని. ఆమె కూడా ఇచ్చింది. గెజిటెడ్ అధికారి సంతకం అక్కర్లేకుండా, ఒక గులాబీని సాక్షిగా పెట్టి ఇచ్చింది. (చప్పట్లు)

"మనకు అటువంటి పూలబొమ్మల సంప్రదాయం ఉందా మాస్టారూ?" అని ఒక అమ్మాయి తరగతిలో అడిగేది. ఉంది. దానికి మనం బొమ్మ అని పేరు పెట్టలేదు, బతుకమ్మ అని పెట్టుకున్నాం. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దులదాకా తొమ్మిది రోజులు మన ఆడవాళ్ళు చేసే పని ఏమిటో డ్రాయింగు మాస్టరు కంటితో చూడండి. తాంబాళంలో ఆకులు పరుస్తారు. గునుగు కట్టలను ఒకే పొడవుకు కత్తిరిస్తారు. కొన్నిటిని రంగునీళ్ళలో ముంచి ఆరబెడతారు. వరసకొక రంగు: తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ, కట్ల నీలం. కిందినుంచి పైకి వలయం చిన్నదవుతూ పోవాలి, ఒరిగిపోకూడదు. లోపలి ఖాళీని ఆకుతో, కాడల ముక్కలతో నింపాలి. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. కొలత, సమతూకం, రంగుల పొంతన, అన్నీ ఉన్నాయి. నేను బోర్డుమీద సుద్దముక్కతో చెప్పిన పాఠం మా అమ్మకు, అమ్మమ్మకు బడికి పోకుండానే వచ్చు. బీడీలు చుట్టి కాయలు కాసిన వేళ్ళతో కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఆడబిడ్డలు పేర్చిన బతుకమ్మలను నేను ప్రతి ఏడూ నిలబడి చూస్తాను.

హాలెండు బొమ్మకూ, మన బతుకమ్మకూ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్ళు పోయే పువ్వును పోకుండా పట్టి ఉంచాలని ఏడాది పొడవునా కష్టపడ్డారు. మనవాళ్ళు పొద్దంతా పేర్చి, ఆడి పాడి, పొద్దుగూకాక మానేరులోనో, ఊరి చెరువులోనో తామే వదిలి, మలీద ముద్దలు పంచుకుని ఇంటికి వస్తారు. పోతుందని తెలిసీ ఇంత శ్రద్ధగా చేయడం, పోయినందుకు ఏడవకపోవడం. రెండూ మరణం గురించి చెప్పే సంగతులే. ఒకటి ఆపమంటుంది, ఒకటి సాగనంపమంటుంది. మన వయస్సులో రెండూ అవసరమే.

బతుకమ్మలో గులాబీకి పెద్దపీట లేదు, గమనించారా? గులాబీ పెంచినవాడి పెరట్లో పూస్తుంది. తంగేడు, గునుగు ఎవరివీ కావు. చేను గట్టున, బీడు భూమిలో వానలు పడ్డాక అవే వస్తాయి. పండుగ వాటిదే. 2014లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు, తంగేడు మన రాష్ట్ర పుష్పం అయింది. కానీ గట్లమీద కలుపు మందు కొట్టి, బీళ్ళు ప్లాట్లు అయ్యాక గునుగు కట్టలు అంగట్లో కొనుక్కుంటున్నాం. కొన్నిచోట్ల కాగితం పూలు, ప్లాస్టిక్ పూలు కూడా బతుకమ్మ ఎక్కుతున్నాయి. వాటిని చెరువు తీసుకోదు.

ఈ పూలను కాగితం మీదికి, కాన్వాసు మీదికి తెచ్చినవారు మన పక్కనే ఉన్నారు. సిద్దిపేట కాపు రాజయ్యగారు (1925–2012) బతుకమ్మను, బోనాలను, పల్లె పనిపాటలను చిత్రించి దేశానికి చూపారు. తోట వైకుంఠంగారు 1942లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టినవారు. పెద్ద బొట్టు, నిండు రంగుల చీర, కొప్పులో పువ్వు ఉన్న మన తెలంగాణ ఆడపడుచును ఆయన బొమ్మల ద్వారా ప్రపంచం గుర్తుపడుతుంది. అన్నవరంలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డిగారు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి ఆధునిక చిత్రకారుల్లో పేరు పొందారు. మన నేలకు బొమ్మలు రావు అనకండి.

పూలబొమ్మ తిండి పెడుతుందా అని కూడా అడుగుతారు. సిరిసిల్ల మిత్రుల కోసం ఒక సంగతి చెబుతాను. ఫ్రాన్సులో లియాన్ అనే పట్టు నేత ఊరు ఉంది. జకార్డ్ మగ్గం 1804 ప్రాంతంలో అక్కడిదే. చిల్లుల అట్టలతో దారాలను ఎత్తి దించి ఎంత చిక్కటి పువ్వునైనా నేసే మగ్గం అది. మగ్గం వచ్చాక అట్టమీద ఎక్కించడానికి పువ్వు గీసే చెయ్యి కావాలి గదా! అందుకని ఆ ఊరి కళాశాలలో పూల చిత్రణకు ప్రత్యేకంగా ఒక తరగతి పెట్టారు. ఆంట్వాన్ బెర్జోన్ అనే పూల చిత్రకారుడు అక్కడ ఆచార్యుడు. పిల్లలు ముందు నిజమైన గులాబీని చూసి గీసేవారు, తరువాత దానిని గళ్ళ కాగితం మీదికి మార్చి నేతకు ఇచ్చేవారు. ఒక గడి అంటే ఒక దారం. మన సిరిసిల్ల మరమగ్గాలకు 2017 నుంచి కొన్నేళ్ళు ప్రభుత్వం బతుకమ్మ చీరల పని ఇచ్చింది. మన సాంచెలమీద డాబీ, జకార్డ్ అంచులు నేశారు. ఆ అంచుమీద ఏ పువ్వు ఉండాలో నిర్ణయించే పిల్లవాడు మన బడిలోనే తయారు కావాలని నా కోరిక. నేను పనిచేసిన ఒక బడిలో పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది డ్రాయింగు పీరియడే. "పూలు గీసి ఏం చేస్తారు?" అనేవారు. నేత పని మీద బతికే ఊళ్ళో ఆ ప్రశ్న వేయడం, వ్యవసాయం చేసే ఊళ్ళో వాన ఎందుకని అడగడం వంటిది.

ఇక నా విన్నపం. కోరుట్లలో నా సహోద్యోగి ఒకరు, లెక్కల మాస్టారు, భార్య పోయాక ఏడెనిమిది నెలలు గడప దాటలేదు. ఆమె పెంచిన నాటు గులాబీ చెట్టు పెరట్లో ఉంది. దానికి నీళ్ళు పోయడం కూడా మానేశాడు. నేను వెళ్ళి ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు ఇచ్చి, "అన్నా, రోజుకు ఒక పువ్వు గియ్యి. బాగా రాకపోయినా సరే, ఎన్ని రేకులున్నాయో లెక్కపెట్టు, నువ్వు లెక్కల మాస్టారువు గదా" అన్నాను. కోప్పడ్డాడు. పది రోజుల తరువాత ఫోను చేశాడు. "తమ్మీ, పువ్వు కింద పచ్చటి రెక్కలు అయిదున్నాయి. రెంటికి రెండు పక్కలా గడ్డాలున్నాయి, రెంటికి అసలు లేవు, ఒకదానికి ఒక పక్కే ఉంది. నలభై ఏళ్ళు ఇంట్లో ఉన్న చెట్టు, నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. ఐరోపాలో ఇది పాత పొడుపుకథ: అయిదుగురు అన్నదమ్ములు, ఇద్దరికి గడ్డం, ఇద్దరికి లేదు, ఒకడికి సగం. మీ మనుమలకు ఈ పొడుపుకథ వేసి, పెరట్లోకి పంపి చూడండి. ఆ మిత్రుడు ఇప్పుడు చెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు. దుఃఖం పోయిందని నేను చెప్పను. పొద్దున లేచి బయటికి రావడానికి ఒక పని దొరికింది.

మీలో ప్రతి ఒక్కరినీ నేను కోరేది ఇంతే. వచ్చే సమావేశానికి ఒక్క పువ్వు గీసి తీసుకురండి. ఖర్చు ఏమీ లేదు. ఒక 2బి పెన్సిలు, తెల్ల కాగితం. పువ్వును కంటికి సమానమైన ఎత్తులో, కిటికీ పక్కన, వెలుతురు ఒకవైపు నుంచే పడేలా పెట్టండి. ముందు కాడ ఏ వైపు వాలిందో ఒక గీత. తరువాత పువ్వు మొత్తానికి ఒక గుండ్రని ఆకారం. గులాబీ అయితే నడిమి మొగ్గ నుంచి బయటికి ఒక్కొక్క రేకు. నీడ చివరన. చెయ్యి వణుకుతుంది అంటారేమో, వణకనివ్వండి. గులాబీ రేకు అంచు కూడా తిన్నగా ఉండదు. చూపు మందగించినవారు పువ్వును చేత్తో తడిమి గీయండి. అమ్మలు, అక్కలు గునుగునో, తంగేడునో గీస్తే మరీ సంతోషం. దాని కింద పువ్వు పేరు మన ఊళ్ళో ఎలా అంటారో అలాగే రాయండి, ఏ గట్టున దొరికిందో రాయండి. ఆ గట్టు రేపు ఉంటుందో లేదో. రేచెల్ అమ్మలాగా మీ సంతకం పక్కన మీ వయస్సు కూడా వేయండి.

వచ్చిన బొమ్మలన్నిటినీ మన పత్రికలో వేస్తామని సంపాదకులవారు ఈ సభలోనే మాట ఇచ్చారు. నా వంతు పువ్వు నేను మొదలుపెట్టాను. మూడు శాఖలలోను నెలకొక ఆదివారం, ఉదయం ఒక గంట, ఉచితంగా నేర్పడానికి నేను వస్తాను. బస్సు ఛార్జీలు కూడా అక్కర్లేదు, టీ ఇస్తే చాలు.